పసుపు పెట్టని అంగీ

"సార్, మీ అంగికి నెత్తురున్నది!"

దొడ్లోంచి మొగులమ్మ వేసిన కేకకు చేతిలోని పేపరు జారిపడింది. మొగులమ్మ మా ఇంట్లో పనిచేస్తుంది. కుల్కచర్ల దగ్గరి పల్లె మనిషి. నెమ్మదస్తురాలే గాని ఆమె గొంతు పటాలాన్ని నిలబెట్టగలదు. కర్ర పట్టుకుని వెళ్ళి చూస్తే, సబ్బునీళ్ళు కారుతున్న నా పాత మిలిటరీ చొక్కాను రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. అటక మీది నల్ల ట్రంకుపెట్టె దింపి, అందులోని బట్టలకు కాస్త గాలి తగిలించమని పొద్దున నేనే చెప్పాను. గాలి తగిలించడం కంటే ఉతికితే ఇంకా మేలనుకుంది మహాతల్లి. చొక్కా కింది అంచు మడత విప్పి లోపలివైపు చూపించింది. ఆకుపచ్చ గుడ్డ మీద బొటనవేలంత మచ్చ, ఎర్రగా.

"యుద్ధంల తాకిందా సార్?" అంది, కళ్ళు పెద్దవి చేసి.

"నెత్తురు కాదమ్మా, పసుపు. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని నాకంటే నీకే బాగా తెలియాలి."

"అయ్యో, పసుపా!" అని నాలుక కరుచుకుంది. మళ్ళీ మచ్చ వైపు చూసింది. "అవు గని సార్, పసుపు లోపట ఎవలన్న పెడుతరా? కాలరుకు పెడుతరు, కనవడేటట్టు. గిట్ల దాశిపెట్టినట్టు పెట్టిందెవలు?"

యుద్ధం గురించి అడిగితే ఇప్పటికీ గంటసేపు చెప్పగలను, ఎదుటివాళ్ళు పారిపోయేదాకా చెప్పగలను. ఈ మచ్చ సంగతి మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. "మంచినీళ్ళలో జాడించి నీడన ఆరెయ్యి, ఎండలో వేస్తే పసుపు ఎగిరిపోతుంది" అని చెప్పి వచ్చి వరండాలో కూర్చున్నాను. మా వరండాలోంచి చూస్తే అనంతగిరి గుట్టలు కనిపిస్తాయి. రిటైరయ్యాక వికారాబాదులోనే ఎందుకు ఇల్లు కట్టావని స్నేహితులు అడిగితే గాలి మంచిదని చెబుతుంటాను. అది సగం నిజం.

మాది తాండూరు. మా నాయిన పెంటయ్య బండల మేస్త్రి. తాండూరు నాపబండ పేరు వినని వాళ్ళు తక్కువ. మా ఇంటికి గోడలూ బండలే, నేలా బండే, వంటింట్లో ఉప్పుకుండ పెట్టుకునే అరుగూ బండే. ఎండాకాలం మధ్యాహ్నాలు చొక్కా విప్పి ఆ నేల మీద బోర్లా పడుకుని, చెంప ఆనించి, ఇల్లంతా చల్లగా ఊపిరి తీస్తున్నట్టు అనిపిస్తుంటే అలాగే నిద్రపోయేవాణ్ణి. మొదటి వానకు రాతిపొడి తడిసి లేచే వాసన ఒకటి ఉంటుంది. ఎన్ని ఊళ్ళు తిరిగినా ఆ వాసన నాకు మరెక్కడా దొరకలేదు. నాయినకు ఒక అలవాటు. గనిలో బండను చిన్న సుత్తితో తట్టి, తల ఒక పక్కకు వంచి, అది చేసే చప్పుడును బట్టి లోపల పగులు ఉందో లేదో చెప్పేవాడు. ఇంటికొచ్చినా చెయ్యి ఊరుకునేది కాదు. కుండ తట్టేవాడు, తలుపు తట్టేవాడు, బొప్పాయి తట్టేవాడు, పరీక్షలు దగ్గరపడితే నా తల తట్టి చెవి పెట్టేవాడు. "ఇండ్ల ఏమన్న ఉన్నదో లేదో సూస్తున్న" అనేవాడు. ఉందో లేదో ఎప్పుడూ చెప్పలేదు.

అమ్మ పేరు సత్తెమ్మ. ఆమె జొన్నరొట్టె తడుతుంటే ఆ చప్పుడుకు వీధి మేలుకునేది. పసుపుకొమ్ములు తెప్పించి రోట్లో తనే దంచుకునేది. దంచిన రోజు ఆమె చేతులు, కొంగు, మా అన్నం కూడా పసుపు వాసన వేసేవి. కొత్త బట్ట ఇంటికొస్తే ఆమె చెయ్యి పడకుండా ఎవరూ తొడుక్కోవడానికి వీల్లేదు. బొటనవేలు తడిచేసుకుని, పసుపులో అద్ది, మూలకు నొక్కేది. అందరి ఇళ్ళలోనూ ఉన్న ఆచారమే. కాని మా అమ్మ దగ్గర అది బట్టలతో ఆగేది కాదు. నా బడిసంచికి పెట్టింది, గొడుగుకు పెట్టింది, నేను మొదటిసారి కట్టుకున్న చేతి గడియారం పట్టీకి కూడా పెట్టింది. ఒకసారి విసుక్కుని ఎందుకమ్మా ఇదంతా అని అడిగాను. "కొత్త బట్టకు మనం ఎవలమో తెల్వది గద కొడుకా. ఈడు మావోడు, జర మంచిగ సూస్కో అని చెప్పాలె" అంది. అదేదో పక్కింటావిడకు నన్ను అప్పగిస్తున్నట్టు చెప్పింది.

చైనాతో యుద్ధం జరిగిన తర్వాత చదువుకున్న కుర్రవాళ్ళను తొందర తొందరగా ఆఫీసర్లుగా తీసుకున్నారు. నేను అప్పటికి హైదరాబాదులో బి.ఏ. పూర్తి చేసి, బొంరాస్‌పేట బడిలో పిల్లలకు భూగోళం చెబుతున్నాను. మ్యాపు మీద కర్రతో హిమాలయాలు చూపిస్తూ చూపిస్తూ, వెళ్ళి చూస్తే పోలా అనిపించింది. దేశభక్తి లేదనను. కాని అందులో భూగోళం పాఠం విసుగు కూడా కొంత ఉంది. ఎంపికయ్యాను. అమ్మ ఏడవలేదు. కొత్త నల్ల ట్రంకుపెట్టెకు, దాని తాళానికి, ఆరు బనీన్లకు, రెండు తువ్వాళ్ళకు వరసగా పసుపు పెట్టి, పెట్టె మీద చెయ్యి వేసి కాసేపు కూర్చుంది.

శిక్షణ దక్షిణాన సముద్రానికి దగ్గరలో. అక్కడి రోజులు తలచుకుంటే నాకు ఒకదాని వెనక ఒకటి రావు, కలలోలాగా అన్నీ కలిసిపోయి వస్తాయి. బూట్ల పాలిష్ వాసన, ఉప్పుగాలి, తెల్లవారకముందే ఈల చప్పుడు, నడుస్తూ నిద్రపోవడం, నిద్రలో నడవడం. వంద బూట్లు ఒక్కసారి నేలను తాకితే నాకు అమ్మ రొట్టె తట్టే చప్పుడు వినిపించి ఆకలేసేది. ముల్లు చెంచాతో బఠానీలు తినడం నేర్చుకోవడానికి నాకు పట్టినంత కాలం రైఫిలు విప్పి బిగించడానికి పట్టలేదు. మాకు డ్రిల్లు నేర్పే సుబేదారును ఉస్తాద్ అనేవాళ్ళం. ఉత్తరాది మనిషి, మీసాలకు నూనె రాసేవాడు, మా బట్టల మీద ఈగ వాలినా ఆయనకు కనిపించేది.

రెండో వారంలోనే పట్టుబడ్డాను. పొద్దున వ్యాయామంలో వంగి లేచేసరికి నా బనీను మూల నిక్కరులోంచి బయటికొచ్చింది, పచ్చగా పసుపు మచ్చతో. ఉస్తాద్ ఆ మూలను రెండు వేళ్ళతో పట్టుకుని అందరికీ చూపించాడు. "పీటల మీది నుంచి లేచి వచ్చావా పెళ్ళికొడకా?" అని హిందీలో గర్జించాడు. మైదానం మైదానమంతా నవ్వింది. రైఫిలు తల మీద ఎత్తి పట్టుకుని మూడు చుట్లు పరుగెత్తమన్నాడు. పరుగెత్తాను, అది నాకు కష్టమనిపించలేదు. ఆ రోజు నుంచి నన్నందరూ హల్దీ సాబ్ అని పిలవడమే మింగుడుపడలేదు. ఉడుకు నెత్తురు, ఇరవై మూడేళ్ళు. ఆ ఆదివారం ఇంటికి కార్డు రాశాను. అందులోని ముక్కలు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "అమ్మకు చెప్పగలరు. ఇకమీదట నాకు పంపే బట్టలకు పసుపు పెట్టవద్దు. ఇక్కడ అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు."

నెల తర్వాత పార్సిల్ వచ్చింది. రెండు కొత్త బనీన్లు. నాలుగు మూలలూ తిప్పి చూశాను, ఎక్కడా మచ్చ లేదు. గెలిచాననుకున్నాను. తర్వాత ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే ఒట్టి గుడ్డ వాసన. ఆ బనీన్లు ఎవరివైనా కావచ్చు అనిపించింది.

శిక్షణ మధ్యలో పది రోజులు సెలవిచ్చారు. బయల్దేరే ముందు నాయిన ఉత్తరం వచ్చింది. నాయినకు రాయడం రాదు, అక్షరాలు మా చెల్లెలు యాదమ్మవి. తాండూరులో దిగవద్దు, వికారాబాదులో దిగాలి, నేను స్టేషన్లో ఉంటాను, మిలిటరీ డ్రెస్సు మీదనే రా అని నాలుగు ముక్కలు. నా గదిలోని వాళ్ళందరూ ఆ ఉత్తరం మీద సమావేశం జరిపి, ఇది పెళ్ళిచూపులు తప్ప మరొకటి కాదని తేల్చారు. నాకూ అదే నిజమనిపించింది. వికారాబాదులో మాకు దూరపు చుట్టాలున్నారు, వాళ్ళకొక కూతురుంది. బట్టలకు ఎంత గంజి పెట్టించానంటే వాడి అనే జంక్షనులో బండి మారేదాకా సరిగ్గా కూర్చోలేకపోయాను.

వాడి నుంచి వచ్చే బండి ముందు తాండూరులోనే ఆగుతుంది. నా ఊరు నా కిటికీ ముందు ఆగింది. పట్టాల పక్కన పేర్చిన నీలపు బండలు, వాటి మీద ఆరేసిన బట్టలు, కందిచేల మీదుగా వచ్చే పచ్చివాసన, కన్నడంలో శేంగా అని కేకేస్తూ పల్లీలు అమ్ముతున్న ముసలావిడ. మా వీధి మలుపు కూడా కనిపించింది. దిగితే పది నిమిషాల్లో ఇల్లు. దిగవద్దన్నారు గనక పెళ్ళికొడుకులా గంభీరంగా కూర్చున్నాను. బండి కదిలింది. ఆ క్షణం నా ఊరే నన్ను చూసి తల తిప్పుకున్నట్టు అనిపించింది.

వికారాబాదులో నాయిన ఒక్కడే ఉన్నాడు, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో. ఖాజా మియా అనే ఆయన టాంగా మాట్లాడి పెట్టాడు. ఎక్కాం. నాయిన టాంగా చెక్కను వేలి కణుపులతో తడుతున్నాడు. నేను గొంతు సవరించుకుని, "వాళ్ళ ఇల్లు ఎంత దూరం నాయినా?" అన్నాను.

"ఎవలిల్లు?"

"అదే... పిల్లవాళ్ళది."

నాయిన నా వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. ఖాజా మియా గుర్రాన్ని నెమ్మది చేశాడు. "క్యా మేస్త్రీ, సాబ్‌కు చెప్పలేదా? జర చెప్పు, గుట్ట ఎక్కినంక చెప్తవా?" అన్నాడు.

"మీ అమ్మకు దగ్గుల నెత్తురు పడ్డది రా" అన్నాడు నాయిన, రోడ్డు వైపు చూస్తూ. "మూడు నెలలాయె. అనంతగిరి దవాఖానల ఉన్నది. సూదులేస్తున్నరు."

"మూడు నెలలా! ఎందుకు రాయలేదు నాయినా?"

"రాస్తె ఒస్తవు. ఒస్తె మల్ల పోవు."

గంజి పెట్టిన నా బట్టలు ఆ మాటకు కరకరమన్నట్టు గుర్తు. ఆ రోజుల్లో క్షయ అంటే ఇప్పటిలా మాత్రలతో పోయే జబ్బు కాదు. మందులు వచ్చాయి గాని భయం ఇంకా పోలేదు. ఆ గుట్ట ఎక్కినవాళ్ళు దిగుతారో లేదో అని ఊళ్ళలో గుసగుసగా చెప్పుకునేవాళ్ళు.

దవాఖాన వరండాలో మంచాలు వరసగా వేసి ఉన్నాయి. రూతమ్మ అనే నర్సు మమ్మల్ని ఎదురొచ్చి తీసుకెళ్ళింది. వరండాకు పది బారల దూరంలో నేరేడు చెట్టు కింద ఒక బండ ఉంది, చూడవచ్చినవాళ్ళు అక్కడే కూర్చోవాలి. అమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. సగమైపోయింది. నన్ను చూడగానే నవ్వింది. "ఎంత మంచిగున్నవురా! పోలీసు పటేలు లెక్క ఉన్నవు" అంది. నేను బండ దాటి ఒక్క అడుగు వేశాను. "ఆడనే ఉండు!" అని అరిచింది. మా ఉస్తాద్ కూడా నన్ను అంత ఠక్కున నిలబెట్టలేదు.

ఆ పది రోజులు నా జీవితంలో వేరుగా, మంచులో కట్టిన ఇల్లులా ఉంటాయి. వికారాబాదు స్టేషన్ దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని యాదమ్మ అక్కడే ఉండి వండేది. దానికి పదిహేనేళ్ళు. రొట్టె తట్టడం అప్పుడే నేర్చుకుంటోంది, చప్పుడు ఒకలా ఉండేది కాదు. నాయిన గనిలో పని చూసుకుని రెండురోజులకోసారి తాండూరు నుంచి వచ్చేవాడు. పొద్దున్నే నేనూ యాదమ్మా క్యారియర్ పట్టుకుని గుట్ట ఎక్కేవాళ్ళం. దారి పొడుగునా సీతాఫలాల చెట్లు, కళ్ళు విచ్చిన కాయలు, అడుగు దూరంలో మనిషి కనబడనంత మంచు. మంచులోంచి ముందు దగ్గు వినిపించేది, తర్వాత వరండా కనిపించేది. అమ్మ దగ్గును నేను దూరం నుంచే గుర్తుపట్టడం నేర్చుకున్నాను, నాయిన బండను గుర్తుపట్టినట్టు.

మూడో రోజో నాలుగో రోజో అమ్మ, "మీ కాడ ఎట్ల నడుస్తరో జర నడిచి సూపియ్యి కొడుకా" అంది. సిగ్గేసింది. పక్క మంచం మీది దౌల్తాబాద్ పెద్దాయన, "నడువు సారూ, గీడ మాకేం సిన్మాలా డ్రామాలా" అన్నాడు. లేచి నిలబడ్డాను. దవాఖాన ముందరి ఖాళీ స్థలంలో, నా ఆజ్ఞలు నేనే ఇచ్చుకుంటూ, ఈ చివరి నుంచి ఆ చివరికి కవాతు చేశాను. చేతులు భుజం ఎత్తు, మడమ నేలను కొట్టేటట్టు. మంచాల వరస ముందుకు వచ్చినప్పుడు తల కుడికి తిప్పి సెల్యూట్ కొట్టాను. రోగులందరూ చప్పట్లు కొట్టారు. కన్నడం మాట్లాడే ఒక ముసలమ్మ నవ్వి నవ్వి దగ్గుతెర తెచ్చుకుంది. రూతమ్మ వచ్చి నన్ను కేకలేసింది. అంతకు ముందుగాని, తర్వాతగాని నేను అంత బాగా కవాతు చేయలేదు. ఆ తర్వాత పెద్ద పెద్దవాళ్ళకు సెల్యూట్లు కొట్టాను గాని, మనసారా కొట్టింది మాత్రం ఆ రోజే.

గదికి తిరిగొచ్చాక యాదమ్మను అడిగాను. "నేను పసుపు గురించి కార్డు రాసిన గద. అమ్మకు చదివినవా?"

"మూడుసార్లు చదివిచ్చుకున్నది."

"ఏమన్నది?"

"ఏమన్లె. పొయ్యి కాడికి పొయ్యింది." యాదమ్మే మళ్ళీ అంది, "నీకు పంపిన బనీన్లకు పెట్టమంటవా అని నేనే అడిగిన అన్నా. ఒద్దన్నడట గద, ఊకో అన్నది."

బనీన్లకు పసుపు లేనిది జబ్బు వల్లనేమో అని ఆ మూడు నాలుగు రోజులుగా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కాదు, నా కార్డు వల్లనే.

ట్రంకుపెట్టెలో ఒక కొత్త చొక్కా ఉంది. శిక్షణ ముగిసే రోజు చేసే చివరి కవాతు కోసం అక్కడ కుట్టించి ఇచ్చినది, ఇంకా ఒంటి మీద వేయలేదు. ఆఖరి రోజు దాన్నీ, బజారులో కొన్న పసుపు పొట్లాన్నీ తీసుకుని గుట్ట ఎక్కాను. ఎక్కేటప్పుడే నాయినతో చెప్పాను, నేను తిరిగి వెళ్ళను, అమ్మ దిగేదాకా ఇక్కడే ఉంటానని. నాయిన నడుస్తూ నడుస్తూ ఆగాడు. "సగం చెక్కిన బండ గడపకు పనికిరాదు, గోడకు పనికిరాదు" అన్నాడు. అంతే, మళ్ళీ నడిచాడు.

అమ్మకూ అదే చెప్పాను. "నువ్వు ఆగితె నా దగ్గు ఆగుతదా?" అంది. "నువ్వు గీడ కూసుంటె నాకు రెండు ఫికర్లు. పో కొడుకా. నా ఫికర్ సూదులు సూస్కుంటయి."

అప్పుడు చొక్కా విప్పి చూపించాను. "పసుపు పెట్టమ్మా. ఇది కొత్తది. ఇంకా తొడగలేదు."

ఆమె మొహం ఒక్కసారి వెలిగింది. చెయ్యి ముందుకు వచ్చింది, వచ్చి ఆగింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది, దొంగతనం చేసిన పిల్లలాగా. "నా చెయ్యి ఒద్దు. నా చెయ్యి మంచిది కాదిప్పుడు. యాదమ్మతోని పెట్టియ్యి" అంది. నేను కదలలేదు. "చెప్తున్న గద!" అంది. యాదమ్మ నీళ్ళతో వేలు తడిచేసుకుని పసుపులో అద్ది, కాలరు వైపు తీసుకెళ్ళింది.

"అరె, ఆడ కాదు" అంది అమ్మ, కంగారుగా. "లోపటికెల్లి పెట్టు, కింద మడతల. కనవడొద్దు. మావోన్ని సూసి నవ్వుతరట."

కోపంతో అనలేదు, ఎత్తిపొడుపుగానూ అనలేదు. నా పరువు కాపాడుతున్నట్టు, జాగ్రత్తగా అంది. నేల విచ్చితే అందులోకి దిగిపోదును. కాలరుకే పెట్టు, నవ్వేవాళ్ళు నవ్వనీ అని ఒక్కమాట అనవలసింది. చొక్కా మడిచి పెట్టుకుని, సెల్యూట్ కొట్టి, గుట్ట దిగాను.

చివరి కవాతు ఆ చొక్కాతోనే చేశాను. కొందరి తల్లిదండ్రులు వచ్చారు, ఫొటోలు తీయించుకున్నారు. నేను చొక్కా అంచు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను. ఉస్తాద్ మొదటిసారి నాకు సెల్యూట్ కొట్టి, "ముబారక్ హో, హల్దీ సాబ్" అన్నాడు. ఆ పేరు ఆ రోజు ఎంత ముద్దుగా వినిపించిందో చెప్పలేను. తర్వాత మంచుకొండల్లో ఉద్యోగం. బొంరాస్‌పేట బడిలో కర్రతో చూపించిన చోటే. ఆ చొక్కా ఎన్నిసార్లో ఉతుకుకు వెళ్ళింది, యాదమ్మ పెట్టిన మచ్చ పోయింది, మోచేతులు వెలిసిపోయాయి.

ఏడాది దాటాక సెలవు దొరికింది. ఈసారి ఉత్తరంలో తాండూరులోనే దిగమని ఉంది. దిగాను. ఇంటికి నడుస్తుంటే వీధి మలుపులోనే రొట్టె చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు యాదమ్మది కాదు. నా కాళ్ళు వాటంతటవే పరుగెత్తాయి. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. దవాఖాన పాలకూ గుడ్లకూ ఒళ్ళు వచ్చింది, బుగ్గలు నిండాయి. నన్ను పైనుంచి కిందికి చూసి, పిండిచేతులు కడుక్కుని, మొట్టమొదట అడిగింది, "గా అంగి తెచ్చినవా?"

"ఇదే అమ్మా, ఒంటి మీదిదే."

"ఇప్పు."

"ఇది పాతదైపోయిందమ్మా. చెల్లె అప్పుడే పెట్టింది గద."

"అది శెల్లె పెట్టింది. నేను పెట్టలే. నేను పెట్టేదాక నాకు కొత్తదే" అంది. చొక్కా విప్పి ఇచ్చాను. ఒళ్ళో పరుచుకుంది. రోలు పక్కన డబ్బీ తీసింది. బొటనవేలు తడిచేసుకుంది, పసుపులో అద్దింది. నేను చూస్తుండగానే ఆమె చెయ్యి కాలరు దాకా వెళ్ళి, తిరిగి కిందికొచ్చి, అంచు మడత విప్పి, లోపల వెతుక్కుని, అక్కడ నొక్కింది. నొక్కి, మడత మూసి, పైనుంచి అరచేత్తో సర్దింది. "కనవడదు, ఫికర్ జెయ్యకు" అంది.

కాలరుకే పెట్టమని అప్పుడూ అనలేకపోయాను. రొట్టె పెడితే తిన్నాను, రెండు తిన్నాను, మూడోది కూడా తిన్నాను. ఉతికితే మచ్చ పోతుందని ఆ చొక్కా మళ్ళీ తొడగలేదు. అమ్మ ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికింది. ఇంట్లో అందరి కొత్త బట్టలకూ కాలరు మూలనే పసుపు పెట్టింది. నావి మాత్రం, నేను మేజరునైనా, నెత్తి మీద వెంట్రుకలు రాలినా, లోపలి మడతలోనే పెట్టింది. ఒక కార్డుముక్క మీద నేను రాసిన మాటను అంత మర్యాదగా పాటించింది. అమ్మా, తప్పు రాశాను, అది కొట్టేయ్ అని అనడానికి ఇరవై ఏళ్ళు నా ముందున్నాయి. ఏ ఏడాదికా ఏడాది, వచ్చే సెలవులో అందాం అనుకున్నాను.

ఇప్పుడు ఆదివారాలు ఆ గుట్టకు కార్లు వరస కడతాయి. పిల్లలు మంచులో ఫొటోలు దిగుతారు. నాకు ఆ మంచులోంచి ఇంకా దగ్గే వినిపిస్తుంది. మా అబ్బాయి పంపే చొక్కాలు అట్టపెట్టెల్లో వస్తాయి, గుండీసూదులు పీకి తొడుక్కోవడమే. వాటికి నేనెవరో తెలియదు. నన్ను మంచిగా చూసుకొమ్మని వాటికి చెప్పినవాళ్ళు లేరు. అవీ నన్ను అంతంత మాత్రంగానే చూసుకుంటాయి, నాలుగు నెలలకు చిరిగిపోతాయి.

సాయంత్రం మొగులమ్మ ఆరిన చొక్కా తెచ్చింది. ఎరుపు పోయి పసుపు రంగు తిరిగొచ్చింది, కాని సగం వెలిసిపోయింది. కళ్ళద్దాలు పెట్టుకుని వెలుతురుకు పట్టి చూస్తే గాని కనిపించడం లేదు. నా మొహం చూసి ఆమెకు జాలేసినట్టుంది.

"నాతోని తప్పయ్యింది సార్. దాన్నిట్లనే ఉండనిచ్చి, జర కొత్తగ పసుపు పెట్టన్నా?"

"పెట్టమ్మా" అన్నాను.

వంటింట్లోకి వెళ్ళి వేలికి పసుపు అద్దుకుని వచ్చింది. పాత మచ్చ ఎక్కడుందో తెలుసు గనక చొక్కా కింది అంచు పట్టుకుంది. "గీడ, లోపటనేనా సార్?"

"కాదు" అన్నాను. కాలరు నేనే ఎత్తి పట్టుకున్నాను. "ఇక్కడ. బయటికి. అందరికీ కనబడేటట్టు పెట్టు."